రోటరీ క్లబ్ సెంట్రల్: సెక్రటరీగా ఏడాది వాడాక

రోటరీ క్లబ్ సెంట్రల్ అంటే రోటరీ క్లబ్బులు ఏటా తమ లక్ష్యాలు, ఫలితాలు నమోదు చేసుకునే ఆన్‌లైన్ సాధనం. మా ఊరి రోటరీ క్లబ్బుకు ఒక ఏడాది నేనే సెక్రటరీని. అంతకుముందు టార్గెట్లన్నీ ప్రెసిడెంటు గారి డైరీలోనే. రోటరీ ఏడాది ముగిసే జూన్ 30న పదవితో పాటు డైరీ కూడా ఇంటికి వెళ్లిపోయేది. క్లబ్ సెంట్రల్‌లో ఎక్కించాక పాత అంకెలు, కొత్త లక్ష్యాలు పక్కపక్కనే కనిపించాయి. కొత్త సభ్యులు పదిమంది అని ధీమాగా కొట్టాను. చేరింది ముగ్గురు. దాచుకోవడానికి లేదు మరి!

గ్రాంటు లెక్కల టెన్షన్ మాత్రం ఇది తీర్చలేదు. డిస్ట్రిక్ట్ గ్రాంటుతో (చిన్న పనులకు రోటరీ జిల్లా ద్వారా వచ్చే సొమ్ము) బడిలో ఆర్వో ప్లాంటు పెట్టాం. ప్లంబరు బిల్లు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. రసీదులేమో కనీసం 5 ఏళ్లు దాచాలి. సరైన బిల్లు కోసం రెండు వారాలు అతని చుట్టూ తిరిగాను. పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్టులకిచ్చే గ్లోబల్ గ్రాంటుకైతే ప్రాజెక్టు బడ్జెట్టే కనీసం 30,000 డాలర్లు ఉండాలి, మా చిన్న క్లబ్బు అటు చూడలేదు.