మా ఇంటి స్లైడింగ్ గేటు మోటారు ఎట్లున్నదంటే

నల్గొండల ఇప్పుడు కొత్తిల్లు కట్టినోళ్ళందరు రిమోట్ గేటు గురించే అడుగుతున్నరు, ఏ కంపెనీ, ఎంతయింది, పెట్టించుకోవచ్చా అని, ఫోన్ల ఒక్కొక్కరికి చెప్పుడు నాతోని అయితలేదు, అందుకే మొత్తం ఇక్కడ రాసి పెడుతున్న. కంపెనీ పేరు రాయను, పెట్టిన షాపు పేరు అసలే రాయను, ఎందుకంటే ఇందుల తిట్టేటివి కూడా ఉన్నయ్, మళ్ళ పొద్దున లేస్తే మొఖాలు చూసుకోవాలె. మాది పన్నెండు ఫీట్ల స్లైడింగ్ గేటు. పెట్టించింది 24 వోల్ట్ డీసీ మోటారు, 600 కిలోల రకం, అంటే అంత బరువు గేటు దాకా జరిపేది, బ్యాటరీ బ్యాకప్ తోటి. మోటారుకైతే ఐదుకు నాలుగిస్త. సర్వీసుకు రెండు, అది కూడా వచ్చే పిలగాడు మంచోడు కాబట్టి.

కొనే ముందు డల్లాస్‌ల ఉండే మా బామ్మర్ది వీడియోల మీద వీడియోలు పంపిండు, "బావా, చెయిన్ డ్రైవ్ వద్దు, బెల్ట్ డ్రైవ్ తీస్కో, సప్పుడుండదు" అని. వాళ్ళ దిక్కు గ్యారేజీ ఇంట్లనే భాగం, తలుపు పలకలు పలకలుగ పైకి లేసి సీలింగ్ కిందికి పోతది, దాన్ని మోటారు చెయిన్ తోటి గని బెల్టు తోటి గని గుంజుతది, చాన ఇండ్లల్ల దాని మీదనే బెడ్రూం ఉంటది, అందుకే వాళ్ళకు సప్పుడు గురించి అంత పట్టింపు. మన కాడ అసుంటి తలుపులు యాడనో ఒక్కటి. మన దిక్కు ఉండేటివి రెండు రెక్కల గేటు, స్లైడింగ్ గేటు, లేకపోతే ముందటి మడిగెల కారు పెట్టి షట్టర్ గుంజుకునుడు. మూడింటికి మూడు తీర్ల మోటార్లు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు, యూట్యూబ్‌ల చూసి ఆర్డర్ పెట్టేటోళ్ళు ఇది ముందు అర్థం చేసుకోవాలె.

షట్టరయితే పక్కన బిగించే సైడ్ మోటార్ మేలు, కరెంటు పోతే చెయిన్ గుంజి లేపుకోవచ్చు. రెక్కల గేటుకు ఒక్కో రెక్కకు ఒక్కో చెయ్యి లెక్క మోటారొస్తది, పిల్లర్ గట్టిగ లేకపోతే బోల్టులు ఊడొస్తయ్, పైగ మొత్తం షీటు కొట్టిన గేటయితే ఎండకాలం గాలిదుమారానికి ఆ చేతుల మీద మస్తు జోరు పడుతది. జాగ ఉంటే స్లైడింగే నయమని నేనంట.

ఇగ అసలు ముచ్చట. మోటారు కంపెనీ కన్న ముందు గేటు చూడాలె. మోటారు లేనప్పుడు ఒక్క చేత్తోటి నూకితే ఈ చివర నుంచి ఆ చివర దాకా జరగాలె, యాడ పట్టినా, యాడ ఎగిరినా మోటారు పెట్టొద్దు, ముందు వెల్డింగాయన్ని పిలిచి చక్రాల బేరింగులు, ట్రాక్ లెవెల్ సరిచేయించాలె. బరువు లెక్క కూడా షాపోళ్ళు కంటితోటి చూసి చెప్తరు, నమ్మొద్దు. 2 ఎంఎం ఇనుప షీటు చదరపు మీటరుకు పదిహేను కిలోల పైనే ఉంటది, పన్నెండు ఫీట్ల వెడల్పు, ఆరు ఫీట్ల ఎత్తు గేటుకు ఒక్క షీటే వంద కిలోలు దాటుతది, ఇంక ఫ్రేము, పైపులు, డిజైన్లు, మనోళ్ళు ఇష్టంగ పెట్టించుకునే నెమళ్ళు, సింహాలు అన్నీ కలిపితే యాడికో పోతది. గేటు బరువుకు ఇంచుమించు రెండింతల కెపాసిటీ తీసుకుంటే మోటారు ఆయాసపడది.

ఏసీ మోటారా డీసీ మోటారా అంటే, ఏసీది నేరుగ ఇంటి కరెంటు మీద నడుస్తది, ధర తక్వ, మొండిగ పనిచేస్తది, గని ఇంట్ల ఫంక్షన్ ఉన్న రోజు గంటల తరబడి తీసుడు మూసుడు అయితే వేడెక్కి దానంతట అదే ఆగిపోతది, చల్లబడే దాకా కదలది. డీసీది మెల్లగ మొదలై మెల్లగ ఆగుతది, గేటు పోయి పిల్లర్‌కు ధడేల్మని కొట్టుకోదు. అన్నిటికంటే ముఖ్యం, బ్యాటరీ తోటి నడుస్తది. కాలిఫోర్నియాల 2017 కార్చిచ్చులప్పుడు కరెంటు పోయి గ్యారేజీ తలుపులు లేవక మంటలల్ల చిక్కుకున్నోళ్ళున్నరు, దాని తర్వాత 2019 జులై నుంచి అక్కడ ఇండ్లకు కొత్తగ పెట్టే గ్యారేజీ ఓపెనర్‌కు, అంటే తలుపు లేపే మోటారుకు, బ్యాటరీ ఉండాల్సిందేనని చట్టమే చేసిన్రు. మనకు కార్చిచ్చుల్లేకపోయినా వానకు ముందు గాలి లేస్తే చాలు కరెంటు తీస్తరు కద. గని మన ఎండలకు ఆ బ్యాటరీలు ఎక్వ కాలం ఆగయ్, మే నెల వేడికి తొందరగ ఉబ్బుతయ్, రెండు మూడేండ్లకోసారి మార్చే ఖర్చు లెక్కల పెట్టుకోండ్రి.

బ్యాటరీ కూడా అయిపోతే మోటారుకు తాళంచెయ్యి ఉంటది, తిప్పి లివర్ గుంజితే గేటును నూకే పండ్ల చక్రం, అంటే గేరు, వదులైతది, గేటు చేత్తోటి నూకొచ్చు. కొనే ముందు షోరూంల ఆ లివర్‌ను ఇంట్ల పెద్దోళ్ళతోటి తీపిచ్చి చూడండ్రి. మా నాయినకు డెబ్బై దాటినయ్, వేరే ఒక మోడల్‌ది ఆయనతోని కాలేదు, అందుకే అది వద్దనుకున్నం. ఇంకో మాట, ఆ తాళం తిప్పేది లోపల దిక్కు ఉంటది. పక్కన మనిషి పట్టేంత చిన్న గేటు లేకుండ ఒక్క స్లైడింగ్ గేటే ఉన్నోళ్ళు బయట నిలబడి ఏం చేస్తరో ముందే ఆలోచించుకోవాలె. చిన్న గేటు లేకపోతే రిమోట్ మోటారు పెట్టించుకోవద్దు అంట నేను.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒకటున్నది. గేటుకు కింద పండ్ల పట్టీ, ర్యాక్ అంటరు, దాన్ని కొడతరు, మోటారు పండ్ల చక్రం దాన్ని నూకుతది. ఈ రెండింటి నడుమ ఒకటి రెండు ఎంఎం సందు ఉండాలె. సందు లేకుండ బిగిస్తే గేటు బరువు ట్రాక్ మీద కాకుండ మోటారు షాఫ్ట్ మీద పడుతది, కొన్నొద్దులకు కరకర సప్పుడు మొదలైతది. గేటు చక్రాలు అరిగి కిందికి దిగినప్పుడు కూడా ఇదే కథ, అందుకే ఏడాదికోసారన్న ఆ సందు చూపియ్యాలె. ట్రాక్ రెండు చివర్లల్ల స్టాపర్లు, పైన గైడు రోలర్లు గట్టిగ లేకపోతే గేటు దాటిపోయి మనిషి మీద పడుతది, ఇందుల మాత్రం బేరం వద్దు.

ఇగ నా గోస. మా మోటారు కింద దిమ్మె ఎత్తు తక్వ పోసిన్రు. మన కాడ సీసీ రోడ్డు మీద మళ్ళ సీసీ రోడ్డు పోస్తరు కద, రోడ్డు ఎత్తయింది, వానకు నీళ్ళన్నీ మా ర్యాంపు మీదికే. దానికి తోడు కేబుల్ వచ్చే బొక్క మూయకుండ వదిలేసిన్రు. ఒకరోజు గేటు సగం తెరుచుకుని ఆగింది, రిమోట్ నొక్కితే లోపల టిక్కుటిక్కుమని రిలే సప్పుడు తప్ప కదలది. మోటారు కవర్ విప్పితే దాన్ని నడిపిచ్చే కరెంటు బోర్డు మీద బల్లి మాడిపోయి అతుక్కున్నది, దాని పక్కకే చీమల మన్ను. వారంటీ అడిగితే "పురుగులు, నీళ్ళు కవర్ కావు సార్" అన్నరు. బొక్క మూయాల్సింది ఎవరంటే జవాబు లేదు. టెక్నీషియన్ హైదరాబాద్ నుంచి రావాలె, అప్పుడే సంక్రాంతి తిరుగు రష్షు, ఎప్పుడు ఫోన్ చేసినా "చౌటుప్పల్ కాడున్న సార్, టోల్‌గేటు జామున్నది" అనేటోడు, అన్ని రోజులు గేటు చేత్తోటే. చివరికి దిమ్మె లేపిచ్చి, బొక్కల సిలికాన్ కొట్టిచ్చి, కొత్త బోర్డు మా పైసలతోనే ఏపిచ్చినం. అప్పటి నుంచి ఏ తిప్పల లేదు. మీరు తీసుకునేటప్పుడు ఊర్లె సర్వీస్ చేసే మనిషి ఉన్నడా, స్పేర్ బోర్డు స్టాకులుంటదా ఈ రెండే గట్టిగ అడగండ్రి. కేమ్, ఫ్యాక్, నైస్, బీఎఫ్‌టీ అన్నీ ఇటలీవే, అందరు చెప్పే పేర్లే, గని పేరు చూసి కాదు, వచ్చి విప్పేటోన్ని చూసి కొనాలె.

రిమోట్ రోలింగ్ కోడ్‌దేనా అడగండ్రి. నొక్కిన ప్రతిసారి కోడ్ మారుతది. ఎప్పుడు ఒకే కోడ్ పంపే పాత రకమయితే అగ్గువ డూప్లికేట్ రిమోట్ల ఈజీగ కాపీ అయితది. ఫోన్ యాప్ ఇస్తమంటరు, మా వైఫై గేటు దాకా అందది, ఉన్నా లేనట్టే.

గేటుకు అటు ఇటు పెట్టే సెన్సార్లు, ఫోటోసెల్ అంటరు, నడుమ ఎవరన్న అడ్డమొస్తే గేటు మూసుకోకుండ ఆపేటివి, "అవసరం లేదు సార్, తీసేస్తే రేటు తగ్గిస్త" అన్నడు షాపాయన. అమెరికాల ఇండ్ల గ్యారేజీ ఓపెనర్లకు ఇసుంటి సెన్సార్ రక్షణ 1993 నుంచి తప్పనిసరి. మన కాడ అడిగేటోడు లేడు కాబట్టి అది కూడా బేరంలకొచ్చింది. గల్లీల పిల్లలు బాల్ కోసం ఉరికొస్తరు, నేనైతే ఒప్పుకోలే. ఇల్లు ఇంకా కడుతున్నోళ్ళు ర్యాంపు మీద బండలు పరిచే ముందే అడ్డంగ ఒక పైపు ఏసుకోండ్రి, లేకపోతే అవతలి సెన్సార్ వైరు కోసం మళ్ళ పలగొట్టాలె. సెన్సార్ అద్దం మీద దుమ్మో సాలెగూడో పట్టినా గేటు మూసుకోదు, బట్టతోటి తుడిస్తే అయిపోతది, దానికి ఫోన్లు చేయొద్దు.

కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. గేటు ఒకసారి జరగనీకె ఇరవై సెకన్లు పడుతది, రోజుకు పది సార్లు తీసినా నెలకు ఒక యూనిట్ కాదు. అది ఊకెనే నిలబడి రిమోట్ కోసం చూసుకుంట కూసునేదానికే దానికంటే ఎక్వ కాలుతది, అదైనా నెలకు మూడు నాలుగు యూనిట్లు. ఎంసీబీ, అంటే ట్రిప్ అయ్యే స్విచ్చి, మాత్రం విడిగ పెట్టియ్యండ్రి, ఎర్తింగ్ మంచిగుండాలె. పాత గొళ్ళెం కూడా పీకేయాలె, ఇంట్ల పనామె అలవాటుకొద్ది గొళ్ళెం పెడితే మనం బయటి నుంచి రిమోట్ నొక్కి మోటారును ఏడిపిస్తం. గేర్లే గేటును పట్టుకుని ఉంటయ్, వేరే గడియ అక్కర్లేదు.

ఇప్పుడు షాపోళ్ళు ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, తీసుకోమని ఫోన్ల మీద ఫోన్లు. వాళ్ళ లిస్టు చదివితే చక్రాలకు గ్రీజు, సెన్సార్ తుడుసుడు, ర్యాక్ చూసుడు, అంతే. బోర్డు, బ్యాటరీ అండ్ల లేవు. నేను తీసుకోలే, ఆ పైసలు కొత్త బ్యాటరీలకు పక్కన పెట్టిన.