స్టీలు దారమా, జరీనా, రాగి తీగా? బట్టల్లో దీపాలు కుట్టడానికి ఏది మేలు

మొన్న సంక్రాంతికి మా మేనకోడలి లంగా అంచు చుట్టూ ఎల్ఈడీ దీపాలు కుట్టాను. కోలాటం మొదలైన పావుగంటకే సగం దీపాలు ఆరిపోయాయి. పిల్ల ఆట ఆపలేదు గానీ, ఇంటికొచ్చాక ఒకటే ఏడుపు. ఆ ఏడుపు చూశాక, బట్టలో కరెంటు పారించడానికి మనకు దొరికే మూడు దారులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించాలనిపించింది.

మాది నరసాపురం. సముద్రం దగ్గరే. ఇక్కడ బట్టకు పట్టే చెమటలోనూ ఉప్పే, వీచే గాలిలోనూ ఉప్పే. ఉప్పు తడి ఉన్నచోట కరెంటు పారితే, ప్లస్ వైపున్న లోహాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది. ఏసీ గదిలో బాగా పనిచేసిన వస్తువు కోనసీమలోనో భీమవరంలోనో ఒక సీజన్ నిలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే నేను ధరనూ మెరుపునూ పక్కన పెట్టి, ఆ బట్ట ఎంత చెమట, ఎన్ని ఉతుకులు, ఎన్ని మడతలు చూడబోతోందన్న లెక్కనే చూస్తున్నాను.

ముందు స్టీలు దారం. సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పోగులను పేని చేసిన ఈ దారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మామూలు సూదిలోకి ఎక్కుతుంది, ఉతికితే పాడవదు, తుప్పుకు బాగా తట్టుకుంటుంది. వెండిపూత నైలాన్ దారం కూడా ఉంది, మెత్తగా ఉంటుంది. కానీ వెండి గాలికి నల్లబడుతుంది, చెమట తగిలే చోట నేను వాడను. స్టీలు దారంతో ఇబ్బందులు రెండు. ముడి నిలవదు, స్ప్రింగులా విప్పుకుంటుంది. ముడి మీద రంగులేని గోళ్ల రంగు ఒక చుక్క వేస్తే ఆగుతుంది. రెండోది, పోగులు లేచి పక్క వరుసను తాకితే షార్ట్ అవుతుంది. ప్లస్, మైనస్ వరుసల మధ్య కనీసం వేలెడు వెడల్పు ఖాళీ ఉంచాలి.

అసలు చిక్కు నిరోధం దగ్గర, అంటే కరెంటుకు దారం పెట్టే అడ్డు దగ్గర ఉంది. దాన్ని ఓముల్లో కొలుస్తారు. రకాన్ని బట్టి ఈ దారం మీటరుకు 30 నుంచి 50 ఓముల దాకా అడ్డుపడుతుంది. పిల్లల లంగా అంచు 3 మీటర్లు అనుకోండి. 30 ఓముల దారమే తీసుకున్నా, చివరి దీపానికి వెళ్లి రావడానికి 180 ఓములు. 5 మిల్లీఆంపియర్లు పారినా 0.9 వోల్టు దారంలోనే పోతుంది. 3 వోల్టుల సెల్‌లో మిగిలేది 2.1. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు కాబట్టి ఒక్కటి వెలుగుతుంది. తెల్లదానికీ నీలిదానికీ దాదాపు 3 కావాలి కాబట్టి అవి వెలగవు. ఇంకో సంగతి, ఎర్రదాన్నీ తెల్లదాన్నీ ఒకే సెల్‌కి సమాంతరంగా కలిపితే కరెంటంతా ఎర్రదే తీసుకుంటుంది. చాలామంది తెల్ల ఎల్ఈడీ పాడైందనుకుని తీసి పారేస్తారు.

ఇక జరీ. మనకు బాగా తెలిసిన లోహపు దారం ఇదే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ బృందం బట్టల్లో సర్క్యూట్ల మీద చేసిన తొలి ప్రయోగాల్లో వాడినది కూడా మన దేశంలో నేసే, లోహపు రేకు చుట్టిన పట్టు ఆర్గంజానే. అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అయితే ఇప్పుడు బజారులో దొరికే జరీలో చాలా భాగం ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత, పైన మళ్లీ రక్షణ పూత. కరెంటు పారుతుంటే కూత పెట్టే మల్టీమీటరు పెడితే కూత రాదు. కొనేముందు మూరెడు ముక్క అడిగి మీటరు పెట్టి చూడండి. కూత వచ్చిన జరీ కూడా చెమటకు నల్లబడుతుంది. గోడకు వేలాడే అలంకారానికో, తాకితే వెలిగే చేతిసంచి పువ్వుకో అది చాలా అందం. ఒంటి మీద బట్టకు మాత్రం వద్దు. అమ్మమ్మ ఉప్పాడ చీర అంచు కోసే ఆలోచన అసలే వద్దు.

మూడోది మోటారు వైండింగ్ తీగ. రొయ్యల చెరువుల పుణ్యమా అని మా వైపు ఏ ఊళ్లోనైనా ఏరేటర్ మోటార్లు చుట్టే షాపు ఉంటుంది. అక్కడ తెగిపడిన సన్న తీగ ముక్కలు ఊరికే ఇస్తారు. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు అర ఓము పైచిలుకే, కాబట్టి చివరి దీపం కూడా నిండుగా వెలుగుతుంది. కరెంటును బయటికి పోనివ్వని ఎనామిల్ పూత ఉంటుంది గనుక రెండు తీగలు తాకినా షార్ట్ కాదు. టంకం వేసే చోట మాత్రం బ్లేడుతో పూత గీకాలి. సంక్రాంతికి నేను వాడింది ఇదే. ఒంటిపోగు రాగి పదేపదే వంగితే గట్టిపడి తెగుతుంది, అదీ సరిగ్గా టంకం పక్కనే. పిల్ల తిరిగిన ప్రతి తిరుగుడుకీ అక్కడే వంగింది.

సెల్ విషయంలో నాకు రాజీ లేదు. పిల్లల బట్టలో బటన్ సెల్ పెట్టకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. రెండు ట్రిపుల్ ఏ సెల్స్ డబ్బాకు స్క్రూ మూత ఉన్నది తీసుకుని, నడుము దగ్గర జేబులో పెట్టండి. ఉతికేముందు డబ్బా ఊడి రావాలి.

చెమట పట్టే చిన్న పనికి, అంటే జాకెట్టు చేతి మీద రెండు మూడు ఎర్ర దీపాలకి, స్టీలు దారమే మేలు. పొడవాటి అంచుకు మాత్రం రాగి కావాలి, తెగకుండా కావాలి. దానికి దారి మా అమ్మ చూపించింది. ఆవిడ నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన నరసాపురం లేసే. తెగిన లంగా చూసి, "బట్టకి ఎందుకు బిగించావే? తీగ మీదే గొలుసు అల్లేస్తే పోలా?" అంది. ఒంటి తీగ బదులు నాలుగు సన్న పోగులు పేని, దాని మీద నూలు దారంతో వదులుగా అల్లింది. దీపం దగ్గర చిన్న ఉంగరంలా తీగ వదిలింది, వంపు టంకం మీద పడకుండా. ఆ లేసును అంచుకు టాకాలు వేశాం, ఉతికేటప్పుడు విప్పేయొచ్చు. ఉగాదికి పిల్ల గంటన్నర ఆడింది, ఒక్క దీపం ఆరలేదు. ఇప్పుడు దాని స్నేహితురాళ్లు ఇద్దరు అడిగారు. అమ్మ మూడో మీటరు అల్లుతోంది.