ఫోర్ట్‌వర్త్ కౌగర్ల్ మ్యూజియం: ఫొటోలో కనిపించని జీను, రికాబు, విరాళం

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళకి ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే ఫోర్ట్‌వర్త్ ప్రయాణం ఖాయం. అదీ పాత పశువుల సంత ప్రాంతమైన స్టాక్‌యార్డ్స్ దాకానే. పొడుగు కొమ్ముల మంద వీధిలో నడిచి వెళ్తుంటే నాలుగు ఫొటోలు, ఒక టోపీ బేరం, తిరుగు ప్రయాణం. అక్కడికి కారులో పావుగంట దూరంలో, 1720 జెండీ స్ట్రీట్‌లో, నేషనల్ కౌగర్ల్ మ్యూజియం అండ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. పేరు విని పిల్లల వేషాల ప్రదర్శన అనుకుని వదిలేస్తే నష్టపోయినట్టే.

1975లో టెక్సస్‌లోనే హియర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో, లైబ్రరీ నేలమాళిగలో మొదలైంది ఈ సంస్థ. 1994లో ఫోర్ట్‌వర్త్‌కి మారింది. 33,000 చదరపు అడుగుల ఇప్పటి భవనం తెరిచింది 2002లో. ఇప్పటికి గౌరవం పొందిన స్త్రీలు 200 మందికి పైనే. ఈ జాబితా మీద మాత్రం ఒక పేచీ ఉంది. యానీ ఓక్లీ ఒహాయో రైతు బిడ్డ, తుపాకీ గురిలో దిట్ట, కానీ పశువులు పెంచే ర్యాంచ్‌లో పెరగలేదు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ పేరూ ఉంది. పశువుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళనే కౌగర్ల్ అనాలంటే చాలా పేర్లు పక్కన పెట్టాలి. ఇక్కడ ఆ మాటకి ‘అమెరికా పశ్చిమ ప్రాంతపు తెగువ’ అన్నంత విశాలమైన అర్థం చెప్పుకున్నారు. అది తెలుసుకుని లోపలికి వెళ్తే తికమక ఉండదు.

మధ్యలో గుండ్రటి హాలు ఉంటుంది. గోడలకి గీతలు తేలిన గాజు పలకల చిత్రాలు బిగించారు. నిలబడి చూస్తే బొమ్మ కదలదు. పక్కకి నడుస్తూ చూస్తే గుర్రం పరుగెత్తుతుంది. గాజు మీది గీతలు ఒక్కో కోణంలో ఒక్కో బొమ్మనే కంటికి అందిస్తాయి, అందుకే ఈ మాయ. మామూలు నడకతో, తల తిప్పకుండా దాటాలి. ఫొటో తీస్తే ఏమీ రాదు. ఫోన్ పట్టుకుని నడుస్తూ వీడియో తీయాలి.

పై అంతస్తు 2019లో కొత్తగా తీర్చిదిద్దింది. గుర్రానికీ ఆడమనిషికీ మధ్య ఉండే బంధం దాని విషయం. పిల్లలు తెర మీద చొక్కా, బూటు డిజైన్ చేసుకునే చోటు ఇక్కడే. వాళ్ళని అక్కడ వదిలి, పెద్దలు పాత రోడియో (గుర్రాలు, పశువులతో జరిగే పోటీలు) ఫొటోల దగ్గర తీరిగ్గా నిలబడవచ్చు. అసలు సరుకు ఆ ఫొటోలే.

వాటిని చూడాలంటే ఒక పనిముట్టు గురించి తెలిసుండాలి. 1920లలో ఆడవాళ్ళు కూడా బెదిరే గుర్రాలెక్కి పోటీపడేవారు. చాలామంది జీనుకి వేలాడే, కాళ్ళు పెట్టుకునే రికాబులు రెండింటినీ గుర్రం పొట్ట కింద తోలుపట్టీతో కట్టేసేవారు. రికాబు ఊగదు కాబట్టి కాలు నిలుస్తుంది, జీను మీద పట్టు దొరుకుతుంది. చిక్కల్లా గుర్రం బోర్లా పడినప్పుడే: కాలు ఊడిరాదు. 1929లో ఒరెగాన్‌లోని పెండిల్టన్ రౌండప్ అనే రోడియోలో బానీ మెకారల్ అనే స్వారీగత్తెకి జరిగింది అదే. కొన్ని రోజులకి ప్రాణం పోయింది. ఆ తర్వాత పెండిల్టన్‌లో ఆడవాళ్ళ బ్రాంక్ స్వారీ, అంటే ఆ బెదిరే గుర్రాల స్వారీ, ఆగిపోయింది. చేటు చేసింది కట్టేసిన రికాబులు, పోటీలోంచి తప్పించింది మాత్రం ఆడవాళ్ళని. అదే బానీ 1915లో గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న ఫొటో రోడియో చరిత్రలోకెల్లా పేరున్న చిత్రాల్లో ఒకటి. ఎక్కడ కనబడ్డా, ముందుగా ఆవిడ పాదాల దగ్గర ఏముందో చూడండి.

1948లో టెక్సస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది స్త్రీలు సొంత రోడియో సంఘం పెట్టుకున్నారు. అప్పటినుంచి వాళ్ళ ముఖ్యమైన పోటీ పీపాల చుట్టూ పరుగు. మూడు పీపాలు త్రిభుజంలా పెడతారు. ప్రామాణిక కొలత ప్రకారం మొదటి రెంటి మధ్య 90 అడుగులు, వాటినుంచి మూడోదానికి 105, సమయం లెక్క మొదలయ్యే గీత నుంచి మొదటి పీపాకి 60. పీపా పడితే 5 సెకన్లు జరిమానా, అంటే ఆ పరుగు పోయినట్టే. ఎక్కువగా తప్పు జరిగేది మొదటి మలుపులో. వేగంగా వచ్చిన గుర్రాన్ని ఆలస్యంగా నిగ్రహిస్తే వెడల్పుగా తిరిగి సమయం పోతుంది. తొందరపడి తిప్పితే భుజమో స్వారీ చేసేవాళ్ళ మోకాలో పీపాకి తగులుతుంది. షార్మేన్ జేమ్స్ 1985 జాతీయ ఫైనల్స్‌లో కళ్ళెం ఊడిపోయిన గుర్రంతో ఆ రౌండ్ గెలిచిందంటే ఎంత గొప్పో అప్పుడర్థమవుతుంది. స్కాంపర్ అనే ఆ గుర్రం మీద వరసగా 10 ప్రపంచ టైటిళ్ళు ఆవిడవి.

బొమ్మల విషయానికొస్తే, డానా హోవెల్ సికల్స్ చిత్రాలు ఎక్కడ దొరికినా వదలకండి. టెక్సస్ పల్లెలో పెరిగిన ఈవిడ కూడా హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యురాలే. బొగ్గు గీతలు చెరపకుండా అలాగే ఉంచి, పైన రంగు పూస్తారు. ఆవిడ గీసే స్త్రీలు పోజు పెట్టరు, పళ్ళు కనిపించేలా నవ్వుతారు. పాత పోస్టర్లలో నడుం మీద చెయ్యేసి నిలబడ్డ కౌగర్ల్ పక్కన పెట్టి చూస్తే తేడా చెప్పక్కర్లేదు.

ఇక పరోపకారం. డేల్ ఎవాన్స్ సినిమా కౌగర్ల్. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఆవిడ కూతురు రెండేళ్ళు నిండకుండానే 1952లో పోయింది. అలాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవద్దని డాక్టర్లే చెప్పే రోజులవి. ఆవిడ ఆ పిల్ల గురించి పుస్తకం రాసి, రాయల్టీ అలాంటి పిల్లల కోసం పనిచేసే సంఘానికిచ్చారు. శాండ్రా డే ఓకానర్ మాత్రం అచ్చంగా ర్యాంచ్ పిల్ల. అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులో రెండు లక్షల ఎకరాలకి దగ్గరైన లేజీ బి ఆవిడ పెరిగిన చోటు; చిన్నప్పుడు ఇంట్లో కరెంటు లేదు. 1981లో అమెరికా సుప్రీంకోర్టులో మొదటి మహిళా జడ్జి అయ్యారు, 2009లో పిల్లలకి ఆటల ద్వారా పౌరశాస్త్రం నేర్పే సంస్థ మొదలుపెట్టారు. ఆన్ మేరియన్ టెక్సస్‌లో పేరున్న 6666 అనే పశువుల ర్యాంచ్ వారసురాలు. శాంటా ఫేలో 1997లో తెరిచిన ఓకీఫ్ మ్యూజియం ఆవిడ చలవే. ఫోర్ట్‌వర్త్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం కొత్త భవనం వెనకా ఆవిడ ఉన్నారు. ఈ ముగ్గురిలో ఎవరి బొమ్మ ముందు ఆగినా, కింది రాతలో గుర్రం గురించిన వాక్యం దాటి చదవండి.

సోమవారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం తెరుస్తారు. టికెట్ ధర, కొత్త ప్రదర్శనలు బయల్దేరేముందు చూసుకోండి. తాపీగా చూస్తే రెండు గంటలు చాలు. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా పక్కనే స్టాక్ షో (పశువుల ప్రదర్శన, రోడియో) జరుగుతుంది. రోడియో చూసే ఉద్దేశం లేకపోతే పార్కింగ్ కోసం అప్పుడు తంటాలు పడొద్దు. దగ్గర్లోనే ఏమన్ కార్టర్ మ్యూజియం, ప్రవేశం ఉచితం. రెమింగ్టన్, రస్సెల్ గీసిన పశ్చిమం అక్కడుంది, గుర్రాల మీద దాదాపు అందరూ మగాళ్ళే. అది కూడా చూసి మూడున్నరకి బయల్దేరితే స్టాక్‌యార్డ్స్‌లో సాయంత్రం 4 గంటల మందకి అందుకోవచ్చు.