ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు: పాఠం బాగుంది, పట్టుకుని నడిపించేవాళ్లు కావాలి

ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను (నేషనల్ ప్రోగ్రామ్ ఆన్ టెక్నాలజీ ఎన్‌హాన్స్‌డ్ లెర్నింగ్) మొదలుపెట్టాయి. తొలి ఏళ్లలో అది వీడియో పాఠాల నిల్వ. 2014 నుంచి వారం వారం గడువులు, అసైన్‌మెంట్లు, పరీక్ష, సర్టిఫికెట్ ఉన్న కోర్సులు నడుస్తున్నాయి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ ద్వారా జనవరి, జులై సెమిస్టర్లలో చేరవచ్చు, చేరడానికి ఫీజు లేదు. పాఠాలు చెప్పేవాళ్ల స్థాయి గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. కాలేజీలో చదువుతున్న పిల్లలు చివరి వారం దాకా నిలుస్తారా, నిలిస్తే నేర్చుకుని బయటికొస్తారా అన్న కోణంలోనే ఈ సమీక్ష.

కోర్సులు 4, 8, 12 వారాల నిడివితో ఉంటాయి. వారానికి సుమారు రెండున్నర నుంచి మూడు గంటల వీడియోలు, ముక్కలు ముక్కలుగా. వాటితో పాటే ఒక అసైన్‌మెంట్. గడువు లోపల ఎన్నిసార్లయినా సమర్పించవచ్చు, చివరిసారి పంపిందే లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క సదుపాయాన్ని సరిగ్గా వాడుకుంటే చాలు, సగం గండం గట్టెక్కినట్టే. వీడియో చూసిన రోజే తెలిసినంత వరకు నింపి పంపేయాలి, అనుమానం ఉన్న ప్రశ్నలు మళ్లీ ఆలోచించి గడువుకు ముందు మార్చుకోవాలి. చివరి రాత్రి దాకా ఆగినవాళ్లకు సర్వర్ కష్టాలో, నెట్ కష్టాలో ఎదురైతే ఆ వారం సున్నాయే.

మార్కుల పద్ధతి అర్థం చేసుకోకుండా చేరేవాళ్లు చాలామంది. మామూలుగా అసైన్‌మెంట్లకు 25, పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకు 75. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లు, 8 వారాల కోర్సులో 6, 4 వారాల కోర్సులో 3 మాత్రమే తీసుకుంటారు. కాబట్టి మిడ్ పరీక్షల వారం ఒకటి పోయినా నష్టం లేదు. సర్టిఫికెట్ రావాలంటే 25కి కనీసం 10, 75కి కనీసం 30, రెండూ ఉండాలి. అసైన్‌మెంట్లలో 25కి 25 తెచ్చుకుని పరీక్షలో 28 దగ్గర ఆగిన విద్యార్థికి మొత్తం 53 ఉన్నా సర్టిఫికెట్ రాదు. మొత్తం 60 నుంచి సర్టిఫికెట్ మీద ఎలైట్ అని వస్తుంది, 75 నుంచి దాంతో పాటు సిల్వర్, 90 నుంచి గోల్డ్.

కోర్సుకు అసలు దెబ్బ తగిలేది ఈ 25 మార్కుల దగ్గరే. అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందే యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో, క్లాసు వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. అలా తిరిగే జవాబుల్లో తప్పులూ ఉంటాయి. అయినా కళ్లు మూసుకుని టిక్కులు పెట్టేస్తారు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో విద్యార్థి ఎలా ఆలోచించాడో చూసే వీలు లేదు కాబట్టి వ్యవస్థ దీన్ని పట్టుకోలేదు. మార్కుల్లో ఆ విద్యార్థి చురుగ్గా ఉన్నట్టే కనిపిస్తాడు, వీడియో ఒక్కటీ తెరిచి ఉండడు.

ప్రోగ్రామింగ్ కోర్సుల్లో పరిస్థితి కాస్త మెరుగు, ఎందుకంటే అక్కడ కోడ్ రాసి నడిపించాలి. ఐఐటీ రోపర్‌కు చెందిన సుదర్శన్ అయ్యంగార్ బృందం చెప్పే 12 వారాల 'ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' చూడండి. ముందు సమస్య, తర్వాతే దానికి కావాల్సిన సింటాక్స్, అంటే కోడ్ రాసే నియమాలు. మూడు తలుపుల మాంటీ హాల్ చిక్కు, నోటు పుస్తకం వెనక పేజీల్లో అందరూ ఆడిన ఫ్లేమ్స్ ఆట, ఇలాంటివి కోడ్‌గా మారుతుంటే మొదటి సంవత్సరం పిల్లలు కదలకుండా చూస్తారు. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ చెప్పే 8 వారాల పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సు దారి వేరు. గసాభా కనుక్కునే ఒక మామూలు పద్ధతితో మొదలుపెట్టి, దాన్నే మెరుగుపరుస్తూ యూక్లిడ్ పద్ధతి దాకా తీసుకెళ్తారు. చాలా గొప్ప బోధన, కానీ అసలు కోడ్ రాయనివాళ్లు రెండో వారానికే వెనకబడతారు. ముందు మొదటిది, తర్వాతి సెమిస్టర్‌లో రెండోది తీసుకోవడం మంచిది.

ఈ కోర్సుల్లో కొత్తవాళ్లు పదే పదే పడే గుంట ఒకటుంది. లాప్‌టాప్‌లో కోడ్ సరిగ్గా నడుస్తుంది, పోర్టల్లో పెడితే తప్పంటుంది. విలువ తీసుకునే input() బ్రాకెట్లలో 'సంఖ్య ఇవ్వండి' లాంటి వాక్యం రాసి ఉంటారు, అది కూడా అవుట్‌పుట్‌లో కలిసిపోయి ఆశించిన జవాబుతో సరిపోదు. అదనపు ఖాళీ, అదనపు కొత్త లైన్ కూడా కొన్నిసార్లు ఇలాగే ఇబ్బంది పెడతాయి. పైకి కనిపించే టెస్ట్ కేసులు (కోడ్‌ను పరీక్షించే నమూనా ఇన్‌పుట్‌లు) పాసైనంత మాత్రాన సరిపోదు, కనిపించనివి కూడా ఉంటాయి. సున్నా, రుణ సంఖ్య, ఒకే మూలకం ఉన్న జాబితా, ఈ మూడూ మీరే ఇచ్చి చూసుకున్నాకే సమర్పించండి.

చర్చా వేదిక నిరాశపరుస్తుంది. వేలమంది చేరిన కోర్సుల్లో 'గడువు పెంచండి సార్' అన్న సందేశాల కింద నిజమైన సందేహాలు కూరుకుపోతాయి. కొన్ని కోర్సులకు పరిశోధక విద్యార్థులు వారం వారం లైవ్‌లో లెక్కలు చేయిస్తారు. అది నిజంగా పనికొచ్చే భాగం, హాజరయ్యేవాళ్లే తక్కువ. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ముందు అది చదివి తర్వాత వీడియో చూస్తే వేగం అందుకుంటారు.

లోకల్ చాప్టర్, అంటే ఎన్‌పీటీఈఎల్‌తో అనుసంధానమైన విభాగం, ఉన్న కాలేజీల్లో ఫలితం మెంటర్ చేతిలో, అంటే విద్యార్థులను వెంట ఉండి నడిపించే అధ్యాపకుల చేతిలో ఉంటుంది. మెంటర్ అంటే స్క్రీన్‌షాట్లు వసూలు చేసే మనిషి అనుకునే చోట ఏమీ జరగదు. టైంటేబుల్‌లో వారానికి ఒక్క పీరియడ్ ఇచ్చి, వీడియో మళ్లీ వేయకుండా, గడువు ముగిసిన అసైన్‌మెంట్ నుంచి ఎక్కువమంది తప్పు చేసిన మూడు ప్రశ్నలు తీసుకోవాలి. ఆప్షన్లు చెరిపేసి బోర్డు మీద రాయాలి. మొదట ఐదు నిమిషాలు ఎవరికి వాళ్లు నోట్సులో, తర్వాత పక్కవాళ్లతో పోల్చుకుని, ఆపైన ఒకరు బోర్డు దగ్గర. జవాబు కాపీ కొట్టినవాళ్లు ఇక్కడ తెలిసిపోతారు, వాళ్లను తిట్టడం కన్నా అక్కడే లెక్క చేయించడం మేలు. మూడో వారం లోపు ఈ అలవాటు పడకపోతే తర్వాత పడటం కష్టం.

పరీక్ష సంగతి. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు నమోదైనట్టు కాదు, వేరే ఫారం నింపి వేరే ఫీజు కట్టాలి. చాలా సెమిస్టర్లుగా అది 1000 రూపాయలు, కట్టేముందు ఆ సెమిస్టర్ ప్రకటన చూసుకోండి. రెండుచోట్లా ఒకే ఈమెయిల్ ఉండాలి, లేకపోతే అసైన్‌మెంట్ మార్కులు పరీక్షకు జతకావు. పేరు సర్టిఫికెట్ మీద ఎలా రావాలో అలాగే ఫారంలో ఉండాలి. 12 వారాల కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు, 8 వారాలకు 2, 4 వారాలకు 1. అయితే మీ సిలబస్‌లో ఏ సబ్జెక్టుకు బదులుగా వాటిని తీసుకుంటారో మీ యూనివర్సిటీ రెగ్యులేషన్ చెబుతుంది. చేరకముందే విభాగాధిపతి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.