పాత డీజిల్ కారు రేడియేటర్: రిపేరు మేలా, కొత్తది మేలా?

పాత డీజిల్ బండి రేడియేటర్ ఎలా ఉందో చిత్తూరు రోడ్డు మీద తెలియదు. అలిపిరి దాటి, తిరుమల ఎక్కే రెండో ఘాట్‌లో సెకండ్ గేర్ పడ్డాక తెలుస్తుంది. ఇంజిన్ గట్టిగా లాగుతుంటుంది, వేగం లేదు కాబట్టి ఎదురుగాలి చాలదు. సగం ట్యూబులు గార పట్టినా చదును రోడ్డు మీద నెట్టుకొచ్చిన రేడియేటర్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఎండాకాలం ఏసీ కూడా వేశామంటే టెంపరేచర్ ముల్లు మీదే కళ్లు. అందుకే రిపేరా, కొత్తదా అన్నది మన తిరుపతిలో ఘాట్‌ను దృష్టిలో పెట్టుకునే తేల్చుకోవాలి.

ముందు మీ బండికి ఉన్నది ఏ రకమో చూడండి. ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి, రేడియేటర్ ట్యాంకును వేలితో కొట్టండి. ఖంగుమంటే ఇత్తడి. నల్ల రంగును కాస్త గీకితే పసుపు బయటపడుతుంది. మొద్దు శబ్దం వస్తే ప్లాస్టిక్. దాని అంచు చుట్టూ అల్యూమినియం పళ్లు వరసగా మడిచి ఉంటాయి.

రాగి, ఇత్తడి రకమైతే నా ఓటు రిపేరుకే. ట్యాంకు ఊడదీసి, ట్యూబుల్లో సన్నటి రాడ్లు దించి గార తీసి, మళ్లీ టంకం పెడతారు. తర్వాత గాలి పట్టించి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. ఆ ముంచే పని మీ కళ్ల ముందే చేయించండి. ఫిన్లు (ట్యూబుల మధ్య ఉండే పలచటి రేకులు) చేత్తో తాకితే పొడిగా రాలుతుంటే టంకంతో లాభం లేదు, ట్యాంకులు అవే ఉంచి కోర్, అంటే ట్యూబులు, ఫిన్లు ఉండే మధ్య భాగం ఒక్కటే మార్పించుకోవచ్చు.

ప్లాస్టిక్ ట్యాంకుదైతే కొత్తదే మేలు. లీకు మడత దగ్గరి రబ్బరు గ్యాస్కెట్‌లో మాత్రమే ఉండి, కోర్ శుభ్రంగా ఉంటే గ్యాస్కెట్ మార్పించి చూడొచ్చు, అంతే. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్, హోస్ పైపు లాగేటప్పుడే మూతి దగ్గర విరుగుతుంది. దానికి ఎమ్‌సీల్ పూసి కొండెక్కడం ప్రమాదం. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే లోపల 0.9 బార్ దాకా ఒత్తిడి నిలుస్తుందని అర్థం. ఆ ఒత్తిడి వల్లే నీళ్లు 100 డిగ్రీలకు మరగకుండా దాదాపు 118 దాకా ఆగుతాయి. అతుకు ఊడితే ఒత్తిడి పోతుంది, ఒక్కసారిగా మరిగిపోతాయి. లీకు ఆపే పొడులు కూడా వద్దు, అవి చిల్లుతో పాటు ట్యూబులనూ పూడ్చగలవు.

కొత్తదానిలో కంపెనీదా, బయటిదా? పాత మోడల్‌కు పేరున్న తయారీదారుది బయట కొనడమే నాకు సబబనిపిస్తుంది. కంపెనీది ధర ఎక్కువ, పాత బండికి వెంటనే దొరక్కపోవచ్చు. అయితే పాతది షాపుకు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి కోర్ మందం కొలవండి. చవకదాంట్లో కోర్ పలచగా ఉంటే ఘాట్‌లో మళ్లీ అదే టెన్షన్. పాత సామాన్ల షాపులో తీసిన రేడియేటర్ మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు, లోపల ఎంత గార ఉందో బయటికి కనబడదు.

డబ్బు పెట్టేముందు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు), మూత, ఫ్యాను ఒకసారి చూపించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నాయంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. అప్పుడు రేడియేటర్ ఎన్నిసార్లు మార్చినా హీటెక్కుతూనే ఉంటుంది.

కొత్తది బిగించాక బోరు నీళ్లు పోయనివ్వకండి, గార పట్టించేది ఆ ఉప్పే. కూలెంట్ చలిదేశాలకే అనుకోవద్దు, లోపల తుప్పు పట్టకుండా కాపాడేదీ అదే. నీళ్లు కలపని చిక్కటి రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించండి. పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలవలో పారబోయనివ్వకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.