పదమూడు ఊళ్ల జెర్సీలు కుట్టిచ్చిన అరండల్‌పేట దుకాణం

వేసవి శిబిరం ముగింపు రోజున పిల్లలకు ఇవ్వడానికి పదమూడు బాస్కెట్‌బాల్ జెర్సీలు చేయించాను. గుంటూరు అరండల్‌పేటలో ఒక అడ్డరోడ్డు మీద, మేడమెట్ల కింద ఉన్న చిన్న దుకాణం అది. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు. వెనక గదిలో హీట్ ప్రెస్సు, రెండు కుట్టు మిషన్లు. బట్ట, ప్రింటు, కుట్టుకూలి అన్నీ కలిపి ఒక్కొక్కటి 390 రూపాయలు పడింది. అన్నీ ఒకే రకమైతే 340కే ఇస్తారు. నాకు మాత్రం ఏ రెండూ ఒకలా ఉండకూడదు.

దుకాణం నడిపే భాయ్ నా కాగితం చూసి, "మాస్టారూ, జట్టంతటికీ ఒకే రంగు ఉండాలి కదా, ఇది ఏ జట్టు?" అని అడిగారు.

"ఇవన్నీ ఒక్క మనిషివే భాయ్" అన్నాను.

ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నారు. టీ తెప్పించారు. వేరే దుకాణాల్లో అయితే రంగు నంబరు చెప్పండి, అడ్వాన్సు కట్టండి అనేవాళ్లు. ఈయన కథంతా విన్నాకే కంప్యూటరు ముందుకు వెళ్లారు. నేను ఈ దుకాణాన్ని మెచ్చుకోవడం ఇక్కడినుంచే మొదలు.

ఆ మనిషి ఇష్ స్మిత్. అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు. వాటిలో 13 జట్లకు ఆడాడు. అంతకుముందు నలుగురు ఆటగాళ్లు 12 జట్ల దగ్గర ఆగారు, ఆ లెక్కను దాటింది ఇతనే. ఎత్తు ఆరడుగులు. మన ఊళ్లో పొడగరే అనిపించుకుంటాడు కానీ, ఆ కోర్టులో అందరికన్నా పొట్టివాళ్లలో ఒకడు. 2010లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఆ ఏడాది 60 మందిని తీసుకున్నారు, వారిలో ఇతని పేరు లేదు. అయినా హ్యూస్టన్ జట్టు తీసుకుంది. మొదటి సీజను పూర్తికాకముందే, 2011 ఫిబ్రవరిలో, మెంఫిస్‌కు పంపేసింది. అక్కడ ఆటగాడిని ఒక జట్టు మరో జట్టుకు ఇచ్చేటప్పుడు సాధారణంగా అతని ఇష్టం అడగరు. ఒప్పందం అలాగే ఉంటుంది, ఊరు మారిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి, రెండు మూడు రోజుల్లో కొత్త రంగు తొడుక్కుని ఆడాలి.

మెంఫిస్ తర్వాత గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహామా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లీన్స్. న్యూ ఆర్లీన్స్ నుంచి మళ్లీ ఫిలడెల్ఫియా. ఆ తర్వాత డిట్రాయిట్‌లో 2016 నుంచి 2019 వరకు మూడు సీజన్లు ఉన్నాడు. ఒక్కచోట అంత నిలకడగా మరెక్కడా లేడు. ఆపైన వాషింగ్టన్, పుట్టిన ఊరు షార్లెట్, మళ్లీ వాషింగ్టన్, 2022లో డెన్వర్. 2023 జూన్‌లో డెన్వర్ తన చరిత్రలో తొలిసారి ఛాంపియన్ అయింది. పదమూడో జట్టుతో ఉన్న ఏడాదే ఇతని వేలికి ఛాంపియన్లకిచ్చే ఉంగరం వచ్చింది. ఫైనల్స్‌లో ఇతనికి పెద్దగా ఆడే అవకాశం రాలేదన్నదీ నిజమే, అదీ పిల్లలకు చెప్పాను. చివరికి మరోసారి షార్లెట్ చేరాడు.

శిబిరంలో మాకు పన్నెండు మంది పిల్లలు. పదమూడో జెర్సీ నాది. ఒకసారికి కోర్టులో ఆడేది అయిదుగురు, మిగిలిన ఏడుగురు పక్కన కూర్చోవాలి. వీళ్లందరి గోడల మీదా పెద్ద పెద్ద తారల బొమ్మలే ఉంటాయి. తప్పు లేదు. కానీ ఆ ఏడుగురికి చూపించడానికి నా దగ్గర ఒక మనిషి ఉండాలి. నా దృష్టిలో, పదమూడు జట్లు మారినవాడిని పన్నెండు జట్లు వద్దనుకున్నాయని చెప్పడం అన్యాయం. పదమూడు జట్లు కావాలనుకున్నాయి. కొన్ని రెండోసారి కూడా పిలిచాయి.

ఇక పని సంగతి. జట్ల గుర్తులు వాడవద్దని ముందే చెప్పాను. రంగులు, తెలుగులో ఊరి పేరు, వెనక అంకె మాత్రమే. అంకెలు ప్రయాణం వరసలో: హ్యూస్టన్ 1, డెన్వర్ 13. రెండుసార్లు వెళ్లిన ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, షార్లెట్‌లకు అంకె కింద ఒక చిన్న గీత. ఆ గీత ఆలోచన భాయ్‌దే.

చిక్కంతా నీలం దగ్గర వచ్చింది. మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, ఓక్లహామా, ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లీన్స్, డిట్రాయిట్, డెన్వర్: ఎనిమిదింటికీ ఏదో ఒక నీలమే. కంప్యూటరు తెర మీద వేరువేరుగా కనిపించినవి బట్ట మీదికి వచ్చేసరికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఇది సబ్లిమేషన్ ప్రింటింగు. ముందు కాగితం మీద అచ్చువేస్తారు, ఆ కాగితాన్ని తెల్ల పాలిస్టర్ మీద పెట్టి దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కుతారు. సిరా ఆవిరై దారాల్లోకి దిగిపోతుంది. కాగితం మీద రంగు వెలిసిపోయినట్టు మసకగా ఉంటుంది, నొక్కి లేపాక గానీ అసలు రంగు బయటపడదు. అందుకని భాయ్ బొటనవేలంత వెడల్పు పేలికలు ఎనిమిది కత్తిరించి, ఒక్కొక్క నీలాన్నీ విడిగా నొక్కారు. వేడి తగ్గకముందే వాటిని వీధి గుమ్మంలోకి తెచ్చి ఎండలో వరసగా పట్టుకున్నారు. ట్యూబులైటు కింద రంగు నమ్మకూడదట. ఎండలోనూ మెంఫిస్, న్యూ ఆర్లీన్స్ ముదురు నీలాలు కలిసిపోయాయి. వాటిని మళ్లీ చేసి, మెంఫిస్‌కు లేతనీలం అంచు, న్యూ ఆర్లీన్స్‌కు బంగారు రంగు అంచు వేశారు. ఈ పేలికలకు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

లోపాలూ చెప్పాలి. మొదటి నమూనాలో "ఫీనిక్స్" చివరి అక్షరం విడిపోయి పక్కన పడింది. తెలుగు ఒత్తులతో డిజైన్ సాఫ్ట్‌వేర్లకు ఎప్పుడూ ఉండే తంటానే ఇది. వేరే ఫాంటులో మళ్లీ టైపు చేశారు, కానీ నేను చూసి చెప్పాకే. తెలుగు అచ్చు వేయించేవాళ్లు నమూనా ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. చెప్పిన రోజుకన్నా మూడు రోజులు ఆలస్యమైంది, ముగింపు కార్యక్రమానికి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి చేతికొచ్చాయి. చిన్న సైజుల్లో చంక దగ్గర కోత వదులుగా ఉంది. సన్నటి పిల్లలకు లోపల బనియను వేసుకోవాల్సి వచ్చింది.

పంచేటప్పుడు చీటీలు తీయించాను. మా దగ్గర ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న తాపీ పని చేస్తారు, పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి వెళుతుంది. నరసరావుపేట, సత్తెనపల్లి, మంగళగిరి, ఇప్పుడు గుంటూరు. అతనికి 8వ నంబరు ఫిలడెల్ఫియా వచ్చింది. జెర్సీని తిరగేసి అంకె కింద గీతను వేలితో తడుముతూ అడిగాడు: "సార్, కొత్త జట్టులోకి వెళ్లిన మొదటి రోజు ఆయన ఎవరి పక్కన కూర్చునేవారు?"

ఇష్ స్మిత్ ఆడింది పాయింట్ గార్డు స్థానంలో అని చెప్పాను. బంతి తెచ్చేది, ఎవరు ఎటు పరుగెత్తాలో సైగ చేసేది పాయింట్ గార్డే. ప్రతి జట్టుకూ సైగలు వేరు, ఎత్తుగడల పేర్లు వేరు. కాబట్టి వెళ్లిన చోటల్లా మిగతా నలుగురూ ఏం చేస్తారో గబగబా నేర్చుకోవాలి, ఎవరి పక్కన చోటు దొరికితే వాళ్లతో మాట కలపాలి. ఆ అబ్బాయి తలూపి, జెర్సీ తొడుక్కుని వెళ్లి మా కెప్టెన్ పక్కన కూర్చున్నాడు.

ఇప్పటికి రెండు నెలలైంది. గుంటూరు ఎండలో, సిమెంటు కోర్టు మీద వారానికి నాలుగు రోజులు వాడుతున్నారు. రంగు పోలేదు, అక్షరాలు బీటలు వారలేదు. సిరా దారాల్లోకే దిగింది కాబట్టి రబ్బరు ప్రింటులా ఊడే ప్రశ్న లేదు. మిల్వాకీ ఆకుపచ్చ జెర్సీకి మెడ దగ్గర కుట్టు వదిలింది. తీసుకెళితే అక్కడికక్కడే కుట్టిచ్చారు, డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. డిజైన్లన్నీ కంప్యూటరులో దాచి ఉంచారట, ఏది చిరిగినా దాన్నొక్కదాన్నే మళ్లీ వేసిస్తామన్నారు. తక్కువ సంఖ్యలో చేయించుకునే బళ్లకు, చిన్న జట్లకు నిస్సంకోచంగా చెబుతాను. వారం రోజులు గడువు ఉంచుకుని వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది.