డిస్క్ డ్రాగ్ ఫ్లై రీల్ వాడాక నా మాట

ఫ్లై రీల్ అంటే ఫ్లై ఫిషింగ్‌లో గాలం లైన్ (దారం) చుట్టే సాధనం, డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు లైన్ ఊరికే పోకుండా పట్టే బ్రేకు. ఇంతకుముందు నా దగ్గర క్లిక్ అండ్ పాల్ రీల్ ఉండేది, అందులో ఒక స్ప్రింగు పాల్ అనే చిన్న ముక్కని పళ్ల చక్రం మీదకి నొక్కుతుంది అంతే, టకటకా సౌండ్ బాగుంటుంది గానీ పెద్ద చేప లాగితే ఆపే దమ్ము లేదు, అరచేత్తో స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) అంచు పట్టుకోవాల్సిందే. ఈ కొత్తదాంట్లో కార్బన్ వాషర్లు, స్టీలు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, నాబ్ తిప్పితే బిగుసుకుని రాపిడి పెరుగుద్ది. లోపల వన్ వే బేరింగ్ (ఒక్క వైపే ఫ్రీగా తిరిగేది) ఉంది కాబట్టి మనం చుట్టేటప్పుడు ఫ్రీగా తిరుగుద్ది, చేప లాగినప్పుడే డ్రాగ్ పడుద్ది.

నాకు బాగా నచ్చింది స్టార్టప్, అంటే చేప లాగగానే స్పూల్ జర్క్ లేకుండా మెల్లగా కదులుద్ది, సన్నని టిప్పెట్ (లైన్ చివర గాలం కట్టే దారం) తెగేది ఆ మొదటి కుదుపుకే కదా మరి! లైన్ బయటికి పోయేకొద్దీ చుట్ట చిన్నదై లాగుడు బరువెక్కుద్ది, లార్జ్ ఆర్బర్ (స్పూల్ మధ్య భాగం లావుగా ఉండటం) వల్ల ఆ తేడా తక్కువే.

నాబ్ మాత్రం తడి చేత్తో జారుతోంది, చిరాకు. డ్రాగ్ సీల్డ్ (మూసేసి ఉంది) కాబట్టి ఇసుక భయం లేదు. పని అయ్యాక డ్రాగ్ లూజ్ చేసి పెట్టండి. 5కి 4.